పశువుల డాక్టరు గడ్డం

క్లెర్వీలో ఎవరింటికి వెళ్లినా కాఫీ కన్నా ముందు చిత్రకారుడు ఆన్సెల్మ్ రూవో ఎదురొస్తాడు. కప్పు మీద ఆయన ముఖం, సాసరు మీద ఆయన సంతకం, చక్కెర పొట్లం మీద ఆయన గొడుగు. బస్టాపు అద్దం మీద ఆయనే, చాక్లెట్ కాగితం మీద ఆయనే, ఆఖరికి చెత్తడబ్బా మూత మీద కూడా ఆయనే. లోపలికి పోయిన బుగ్గలు, గుండెల దాకా దిగిన గడ్డం, పక్కకు వాలిన గడ్డిటోపీ, లోకంలోని బాధంతా తన ఒక్కడికే రాసిచ్చినట్టు ఓ చూపు. మా ఊళ్లో ఆ కప్పులో కాఫీ తాగని మనిషి ఒక్కతే ఉంది, జోసియాన్ బొద్రు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అంచు విరిగిన తెల్లగిన్నెలో తాగుతుంది. ఎందుకని అడిగితే, "పొద్దున్నే లేచి చచ్చినవాడి మూతికి మూతి ఆనించలేనమ్మా," అంటుంది.

అంత మాట అనగలిగింది ఆవిడ ఈ ఊరి పిల్ల కాదు గనక. దూరాన సముద్రపు ఒడ్డున కాంకాల్‌లో పుట్టింది. అక్కడ తినడానికి ఆల్చిప్పను ఎంత చులాగ్గా తెరుస్తారన్నదాన్ని బట్టి మనిషికి విలువ కడతారు. బొమ్మలు వేస్తారా లేదా అని ఎవరూ అడగరు. యాభై ఏళ్లు ఇక్కడ కాపురం చేసినా మావాళ్లు ఆవిణ్ణి ఇప్పటికీ "సముద్రం పిల్ల" అనే పిలుస్తారు. ఆ పిల్లకు డెబ్బై దాటాయి.

ఇక మావాళ్ల సంగతి. రూవో బతికున్న రోజుల్లో ఈ ఊరు ఆయన్ని ఏం చేసిందో ఎవరికీ గుర్తు లేదు, గుర్తున్నా ఒప్పుకోరు. ఆయన ఏటి ఒడ్డున గొడుగు పాతుకుని కూర్చుంటే మా తాతలు దాని మీద పేడముద్దలు విసిరారు. ఆయన దిగిన సత్రం యజమాని, ఆయన ఇచ్చిన బొమ్మల్ని కోళ్లగూటికి గాలి తగలకుండా అడ్డంగా మేకులు వేసి కొట్టాడు. ఆయన పోతే శవపెట్టె వెంట నడిచింది నలుగురు, అందులో ఒకటి కుక్క. ఈ ముక్క జోసియాన్‌కు వాళ్ల అత్తగారు చెప్పింది, అదీ తలుపులు వేసుకుని. చచ్చినవాడి కళ్లు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు. పారిస్‌లో ఆయన బొమ్మలకు గిరాకీ వచ్చిందని తెలిసిన మర్నాటి నుంచి, ఆ పెట్టె మోసిన తాతలు ఇంటికొకడు చొప్పున పుట్టుకొచ్చారు. అంతమంది నిజంగా భుజం పట్టి ఉంటే తొక్కిసలాటలో ఆ పెట్టె ఇవాళ్టికీ శ్మశానం చేరేది కాదు.

ఆయన పేరు విని మరో అరడజను మంది చిత్రకారులు వచ్చి కొన్నాళ్లు ఉండిపోయారు. ఇప్పుడు వాళ్లు కూర్చున్న చోటల్లా ఒక పలక ఉంది, దాని మీద వాళ్లు వేసిన బొమ్మ అచ్చు ఉంది. పారిస్ రైలు దిగి జనం వస్తారు. పలక ముందు నిలబడి బొమ్మను చూస్తారు, తలెత్తి చర్చిని చూస్తారు, మళ్లీ బొమ్మను చూస్తారు. రెండూ ఒకటేనని తేలాక సంతృప్తిగా తల ఊపి, ఫోటో తీసుకుని, ఒక పళ్లెం కొనుక్కుని వెళ్లిపోతారు. చర్చి చర్చిలాగే ఉందని తెలుసుకోవడానికి ఇంత దూరం రావాలా అని జోసియాన్ ఆశ్చర్యం.

ఆవిడ మొగుడు నోర్బేర్ మాత్రం అచ్చంగా ఈ ఊరివాడు. ప్లంబరు. పని చేసిన రోజుల్లో రూవో అంటే అతనికి మ్యూజియంలో కారే మరుగుదొడ్డి తప్ప ఇంకేమీ కాదు. "అంత పేరున్నవాడి కొంపలో ఇంత పుచ్చు పైపులా!" అని తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు. గడ్డం రోజూ నున్నగా గీసుకునేవాడు, ఉల్లిపాయ సూపు రెండు గిన్నెలు తాగేవాడు, నిద్రలో గురక పెట్టేవాడు. జోసియాన్ చేసుకున్నది ఆ నోర్బేర్‌ను. సైన్యంలో ఉన్నప్పుడు అతను ఆదివారం డాన్సు కోసం సైకిలు మీద కాంకాల్ వచ్చి, వాళ్ల వీధి వాలులో బ్రేకులు పడక నేరుగా ఆల్చిప్పల బుట్టల్లోకి దూసుకుపోయాడు. పెదవి కింద, గడ్డం మీద చర్మం చీలింది. ఆమె తన నడుముకున్న గుడ్డ విప్పి అక్కడ అదిమిపట్టి, "ముందు బ్రేకులు బాగుచేయించుకో బాబూ, అమ్మాయిల సంగతి తర్వాత చూద్దువు గాని," అంది. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. మరుసటేడు పెళ్లి అయింది.

మొగుణ్ణి ఆవిడ జీవితంలో అడిగింది ఒక్కటే. పని మానేశాక ఏటా జూన్ నెల కాంకాల్‌లో గడపాలి, అక్క ఒదిల్ ఇంట్లో, ఇద్దరూ కలిసి. నోర్బేర్ సరేనన్నాడు. స్కూలు వంటింట్లో పిల్లలకు బంగాళాదుంపలు ఉడకేసినన్నాళ్లూ జోసియాన్ ఆ జూన్‌నే తలచుకుంది.

అతను పని మానేసిన ఏడాది చలికాలంలో దగ్గు పట్టుకుంది. మంచం దిగలేదు, గడ్డం గియ్యలేదు, బుగ్గలు లోపలికి పోయాయి. ఎండలు వచ్చాక మొదటిసారి కాఫీ హోటలుకు వెళ్లి ఓ మూల కూర్చుంటే, మదాం దెవ్రీ గుమ్మంలోనే ఆగిపోయి కేక పెట్టింది. మదాం దెవ్రీ రూవో స్మారక సంఘానికి అధ్యక్షురాలు. పారిస్‌లో లాటిన్ పాఠాలు చెప్పి, రిటైరై, ఇక్కడ ఇల్లు కొనుక్కుంది. మా ఊరి గురించి మాకు చెప్పడం ఆవిడ వృత్తి.

"కదలకండి! ముస్యూ బొద్రు, అలాగే ఉండండి! దేవుడా, ఆ బుగ్గలు! ఆ కళ్లు!"

"దగ్గండీ," అన్నాడు నోర్బేర్.

"దగ్గు కాదండీ, రూవో!"

ఆ రోజుతో మా ప్లంబరు ముగిసిపోయాడు. సంఘంవాళ్లు అతనికి గడ్డిటోపీ, గొడుగు, స్టూలు, బొమ్మ పెట్టే స్టాండు ఇచ్చారు. సగం వేసి ఉన్న ఓ బొమ్మ కూడా ఇచ్చారు. ఎండ ఉన్న రోజుల్లో పొద్దున్నే వెళ్లి రేవుమెట్ల మీద కూర్చోవాలి. జనం వచ్చి చుట్టూ మూగినప్పుడు కుంచెను మంచినీళ్లలో ముంచి, గాలిలో ఓ చుట్టు తిప్పి, కాన్వాసుకు తగిలీ తగలనట్టు ఆనించాలి. పద్నాలుగేళ్లు అదే బొమ్మ. అవతలి ఒడ్డు ఇంకా రాలేదు. జూన్ మొదట్లో రూవో రోజున ఊరేగింపు ఉంటుంది, సత్రం నుంచి శ్మశానం దాకా. ముందు నోర్బేర్, వెనక బ్యాండు, ఆ వెనక పెట్టె మోసిన తాతల మనవలు. సమాధి దగ్గర మేయరు ఓ గ్లాసు సారా నేల మీద పోస్తాడు. బతికుండగా ఆ గ్లాసు ఆయన నోటికి అందించినవాడు లేడు.

మొదట్లో జోసియాన్ నవ్వి ఊరుకుంది. ముసలితనంలో మొగుడికి ఒక వ్యాపకం దొరికింది కదా అనుకుంది. తర్వాత అద్దం ముందు నిలబడి గడ్డానికి బాదంనూనె రాయడం మొదలెట్టాడు. వంటింట్లో కొళాయి కారుతోంది, ప్లంబరు ఇంట్లో! అది పట్టదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె. ఆ తర్వాత భాష మారింది. మొదట "ఆయన ఇక్కడ కూర్చునేవాడు" అనేవాడు. మెల్లగా "నేను ఈ ఊరొచ్చినప్పుడు ఈ వంతెన లేదు" అనడం మొదలైంది. యాత్రికులకు అది ముద్దొచ్చేది. ఓ రాత్రి ఇంట్లో సూపు తాగుతూ కూడా అన్నాడు.

"ఆ సత్రంవాడికి నేను బొమ్మలిస్తే కోళ్లగూటికి కొట్టాడే, జోసీ. కోళ్లగూటికి!"

"ఆ సత్రం మీ ముత్తాతదే మహానుభావా," అంది జోసియాన్. "సూపు చల్లారిపోతోంది, తాగు."

అతనికి కోపం వచ్చింది. గడ్డం నిమురుకుంటూ కిటికీలోంచి చూశాడు. కిటికీ అవతల పక్కింటివాళ్ల కారు తప్ప ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు తయారైంది వ్యవహారం.

జూన్ సంగతి ఏటా ఎత్తేది.

"ఈసారైనా కాంకాల్ పోదామా? ఒదిల్‌కి మోకాళ్లు బొత్తిగా పనిచెయ్యట్లేదంట."

"జూన్‌లోనా? జూన్‌లో నేను లేకపోతే వచ్చినవాళ్లు ఏమైపోతారే?"

"ఏమవుతారు, ఏరు చూస్తారు."

"నీకు కళ గురించి ఏం తెలుసు?"

"కళ సంగతి నాకు తెలీదు. కొళాయి కారుతోందని తెలుసు."

ఒకసారి విసిగి ఒక్కతే వెళ్లింది. స్టేషన్లో దిగగానే ఒదిల్ అడిగింది, "మీ ఆయనేడే?" కూర్చున్నాడని చెప్పింది. ఎక్కడంటే మెట్ల మీద అంది. "ఎందుకు?" అని అడిగితే మాత్రం చెప్పలేకపోయింది. వారం తిరక్కుండానే వెనక్కొచ్చేసింది. సముద్రం ఎక్కడికీ పోదు. ఆవిడకు కావలసింది సముద్రం ఒక్కటే కాదు, సైకిలు మీద వచ్చి బుట్టల్లో పడ్డవాడు కావాలి. వాడేమో గడ్డం వెనక ఎక్కడో ఇరుక్కున్నాడు, రోజురోజుకీ ఇంకా లోపలికి పోతున్నాడు. పెళ్లాం పేరు ఒకటి రెండుసార్లు మరిచిపోయాడు కూడా. రూవోకు పెళ్లి కాలేదు మరి.

ఊళ్లో ఎవరికి చెప్పుకున్నా అందరూ ఒకటే పాట. "అదృష్టవంతురాలివమ్మా, రూవోతో కాపురం!" అనేది పొగాకు దుకాణం బెర్నదెత్. ఆవిడ పొగాకుతో పాటు తపాలాబిళ్లలూ, రూవో పళ్లేలూ అమ్ముతుంది. "కావాలంటే తీసుకుపో, గురక కూడా నీకే ఇస్తా," అనేది జోసియాన్. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకాల నవ్వుకునేవారు.

ఈ ఏడాది మే నెలలో ఓ పొద్దుటిపూట, జోసియాన్ తపాలాబిళ్లల కోసం ఆ దుకాణంలో ఉండగా ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది, లియోన్ నుంచి వచ్చిందట. గోడ మీద వరసగా పేర్చిన పళ్లేలు చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుంది. ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. బల్ల పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది.

"ఏమైందండీ?" అంది బెర్నదెత్, పళ్లెం ఎక్కడ పగులుతుందోనని.

"ఈయన... ఈయన మా ఎమీల్ ముత్తాత! మీకెక్కడ దొరికాడమ్మా ఈయన?"

"రూవో కదండీ ఆయన!"

"రూవోనే. మా ఇంటిపేరూ అదే. కానీ బొమ్మలాయన కాదు, ఆయన తమ్ముడు. పశువుల డాక్టరు. ఊరూరా తిరిగి ఆవులకి పురుళ్లు పోసేవాడు." ఆవిడ ఫోను తీసి ఓ పాత ఫోటో చూపించింది. ఎవరిదో పెళ్లి. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు బక్కగా, గడ్డంతో, ఆ చూపుతో. రెండో ఆయన పొట్టిగా, గుండ్రంగా, బట్టతలతో, నున్నటి బుగ్గలతో, భోజనం ఎప్పుడు పెడతారా అని చూస్తున్నాడు. "ఇదిగో, ఈ గుండాయనే మీ చిత్రకారుడు. ఇంట్లో మా అందరికీ తెలుసు."

బెర్నదెత్ పళ్లేల వైపు చూసి కుర్చీలో కూలబడింది. జోసియాన్ తపాలాబిళ్లలు అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది. అన్నేళ్ల తర్వాత అడుగులు అంత తేలిగ్గా పడ్డాయి.

జరిగిందేమిటో తర్వాత అందరికీ తెలిసింది. రూవోకు పేరొచ్చిన కొత్తలో మావాళ్లు ఆయన ఫోటో కావాలని లియోన్ కబురు పెట్టారు. కుటుంబంవాళ్లు ఉన్న ఫోటోలన్నీ ఓ కట్టగా పంపించారు, ఎవరు ఎవరో రాయకుండా. ఊరి పెద్దలు వాటిని బల్ల మీద పరిచారు. ఒకాయన చూస్తే సాసేజీలు అమ్మేవాడిలా ఉన్నాడు. ఇంకొకాయన చూస్తే గుండె తరుక్కుపోయేలా ఉన్నాడు. ఇంకేం అనుమానం? చిత్రకారుడు ఎలా ఉండాలో వాళ్లకు తెలుసు. అప్పటికి రూవోను కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో ఇంకా బతికే ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. అన్నాళ్లు పేడ విసిరారు గానీ, ఎవరి మీద విసురుతున్నామో ముఖం చూసిన పాపాన పోలేదు.

మునిసిపాలిటీ హాల్లో సభ పెట్టారు. "ఈ సంగతి గుమ్మం దాటకూడదు," అని మదాం దెవ్రీ మొదలెట్టింది. గుమ్మం దాటి అప్పటికే పారిస్ పేపర్లో పడిందని ఎవరో చెప్పారు. "అయితే సత్యాన్ని గౌరవించడమే మన ఊరి సంప్రదాయం," అని ఆవిడ ఊపిరి పీల్చుకోకుండా మాట మార్చింది. లాటిన్ చదివితే అంత వేగం వస్తుంది కాబోలు.

"మరి నా పళ్లేలో?" అంది బెర్నదెత్.

"కొత్తవి చేయిస్తాం. ముందు రూవో రోజు దగ్గర పడుతోంది. మనకు... అంటే... ఆ మాదిరి వ్యక్తి కావాలి." ఆవిడ చేత్తో గాలిలో ఒక గుండ్రం చుట్టింది. సభలో తలలన్నీ నెమ్మదిగా ఒకే వైపు తిరిగాయి. అక్కడ మా రొట్టెలాయన రెజిస్ పెలో కూర్చున్నాడు, పొట్టిగా, గుండ్రంగా, దీపం కింద మెరిసే బట్టతలతో.

"నన్నెందుకట్లా చూస్తారు? నాకు పొయ్యిలో రొట్టెలున్నాయి!"

"అదే గొంతు," అంది మదాం దెవ్రీ, రూవో గొంతు తను విన్నట్టు.

నోర్బేర్ రెండో వరసలో, ఒళ్లో గడ్డిటోపీ పెట్టుకుని, గడ్డం దువ్వుకుని కూర్చున్నాడు. ఇంకా ఏదో తిరకాసు ఉంటుందని, ఎవరో లేచి ఇదంతా తప్పని చెబుతారని చూస్తున్నాడు. పక్కనే జోసియాన్ ఉంది.

"ముస్యూ బొద్రు," అంది మదాం దెవ్రీ, ఇంటి కుక్కను బుజ్జగించే గొంతుతో. "మీ సేవ మేం మరవం. మీకూ ఓ స్థానం ఉంది. ఎమీల్‌గారు అన్నగారిని చూడ్డానికి ఒకసారి ఈ ఊరొచ్చారట. ఊరేగింపులో మీరు చేతిలో మందుల సంచి పట్టుకుని..."

"ఎక్కడ నడవాలి?" అన్నాడు నోర్బేర్.

"వెనకాల. బ్యాండు అయ్యాక."

"ఓ ఆవుని కూడా ఇచ్చెయ్యండి పాపం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది జోసియాన్. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. పద్నాలుగేళ్ల నవ్వు అది, పొట్ట పట్టుకుని నవ్వింది. నోర్బేర్ తల తిప్పి ఊరినెవర్నీ చూడలేదు, ఆవిణ్ణొక్కదాన్నే చూశాడు. టోపీ కుర్చీలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

ఆవిడ ఇంటికి వెళ్లేసరికి స్నానాలగది తలుపు వేసి ఉంది. వంటింట్లో పనిముట్ల పెట్టె తెరిచి ఉంది, కొళాయి కారడం లేదు. కాసేపటికి అతను బయటికొచ్చాడు, గడ్డం నున్నగా గీసుకుని. సగం ముఖం ఎండకు కమిలి ఉంది, మిగతా సగం పాలలా తెల్లగా ఉంది. ఆ తెలుపులో, పెదవి కింద, ఆ పాత మచ్చ. దాన్ని మరిచిపోయానన్న సంగతి కూడా ఆవిడ మరిచిపోయింది.

"వచ్చావా?" అంది.

"ఎవరు?" అన్నాడు అతను.

దెప్పడానికి కాదు, నిజంగానే అడిగాడు. ఆవిడ కాంకాల్‌కు పెట్టెలు సర్దడం మొదలెట్టింది.

సరిగ్గా రూవో రోజు పొద్దున రైలెక్కాలని ఆవిడే పట్టుబట్టింది. ఊరి ముఖం మీద తలుపు వేసినట్టుంటుందని. రేవు పక్క నుంచే స్టేషన్ దారి. పెలో అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు వారాల కింద రొట్టెలు రొట్టెలని ఏడ్చినవాడు, ఇప్పుడు కుంచె పైకెత్తి, ఓ కన్ను మూసి, ఆకాశం కొలుస్తున్నాడు. చుట్టూ జనం. "నేను ఈ ఊరొచ్చినప్పుడు ఈ వంతెన లేదు," అంటున్నాడు. వీధి చివర అతని కొట్టు నుంచి మాడిన వాసన వస్తోంది, అతని పెళ్లాం గుమ్మంలో తలపట్టుకుని నిలబడింది.

"అంటుకుంది," అంది జోసియాన్. "చూశావా నోర్బేర్, అంటురోగంలా అంటుకుంది."

నోర్బేర్ ఆ సగం బొమ్మ వైపు చూస్తూ నడిచాడు.

ప్లాట్‌ఫారం మీద కొత్త రూవో అట్టబొమ్మ నిలబెట్టారు, గుండ్రటిది. పారిస్ రైలు దిగిన ఓ జంట దాని పక్కకు చేరి, నోర్బేర్ చేతిలో ఫోను పెట్టారు.

"పెద్దాయనా, మాకో ఫోటో తీస్తారా? మీరు కాస్త వెనక్కి జరగండి, మీ నీడ ఆయన మీద పడుతోంది."

పద్నాలుగేళ్లు రోజుకు ఎన్ని ఫోన్లకు ముఖం చూపించాడో ఆ మనిషి. ఇప్పుడు వెనక్కి జరిగాడు. ఫోటో తీశాడు. బాగా వచ్చిందో లేదో చూసుకోమని కూడా చెప్పాడు. జోసియాన్ అటు తిరిగి పెట్టె తాళం రెండుసార్లు చూసుకుంది. రైల్లో దారి పొడుగునా ఊరిని తిట్టింది. మదాం దెవ్రీని, పెలోను, బెర్నదెత్‌ను, ఒక్కర్నీ వదల్లేదు.

కాంకాల్‌లో అంతా ఆవిడ కోరుకున్నట్టే ఉంది. జూన్ నెల, అక్క ఇల్లు, పక్కన నున్నటి ముఖంతో మొగుడు. అతను పొద్దున్నే లేచి ఒడ్డున గోడ మీద కూర్చునేవాడు. చెయ్యి తనంతట తనే గడ్డం కోసం పైకి లేచేది, ఏమీ దొరక్క మళ్లీ ఒళ్లోకి దిగేది. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే వచ్చేవాడు. ఒదిల్ ఇంట్లో రెండు కొళాయిలు, ఓ మరుగుదొడ్డి బాగుచేశాడు. రాత్రి గురక కూడా పెట్టడం లేదు.

"మీ ఆయన మంచివాడేగానీ," అంది ఒదిల్, "ఇంట్లో ఉన్నట్టే ఉండడేంటే?"

"అలవాటవుతాడులే," అంది జోసియాన్. ఆ సభలో తను నవ్విన నవ్వు ఆవిడ చెవుల్లోంచి పోవడం లేదు. ఊరంతా నవ్వింది, నవ్వనీ, అది దాని గుణం. తనెందుకు నవ్వాలి?

వచ్చిన వారానికి ఒదిల్ పక్కింటాయన కోరంతాన్ ఓ బుట్టెడు ఆల్చిప్పలు పట్టుకుని వచ్చాడు. జీవితమంతా సముద్రంలో ఆల్చిప్పలు పెంచే మళ్లలో పనిచేసి ముదిరిన చేతులు. పెరట్లో బల్ల వేసి, నిమ్మకాయలు కోసి, వెన్న రాసిన రొట్టె, తెల్లద్రాక్ష సారా పెట్టుకుని నలుగురూ కూర్చున్నారు. కోరంతాన్ ఒక్కొక్కటే తెరిచి నోర్బేర్ ముందు పెడుతున్నాడు.

"మీరు ఏం పని చేసేవారండీ, ముస్యూ బొద్రు?" అని మామూలుగా అడిగాడు.

జోసియాన్ నోట్లో రొట్టె ఉంది. ప్లంబరు అని చెప్పబోయింది. ఈలోగా నోర్బేర్ తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"చిత్రకారుణ్ణి," అన్నాడు. "ఇప్పుడు మానేశాను."

ఒదిల్ చేతిలో చాకు ఆగింది. చెల్లెలి వైపు చూసింది, ఇక పేలుతుంది చూడు అన్నట్టు. జోసియాన్ నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది, పద్నాలుగేళ్లుగా పదునుపెట్టిన మాట. నోర్బేర్ అప్పుడు తలెత్తి ఆవిణ్ణి చూశాడు. సభలో చూసిన చూపే. నున్నటి గడ్డం మీద ఆ పాత మచ్చ.

"ఓహో!" అన్నాడు కోరంతాన్ సంబరంగా. "మా ఊళ్లో ఒక్కడూ లేడండీ అట్లాంటివాడు. మీ బొమ్మలేవైనా తెచ్చారా? ఇంట్లో ఉన్నాయా?"

నోర్బేర్ నోరు తెరిచాడు. చెయ్యి గడ్డం కోసం పైకి లేచింది.

ఊరంతా కలిసి చెప్పుకున్న అబద్ధాన్ని కాఫీగిన్నె దగ్గరికి కూడా రానివ్వని మనిషి జోసియాన్. రొట్టె ముక్క మింగింది. బల్ల కింద అక్క కాలిని గట్టిగా తొక్కిపట్టింది.

"ఎక్కడున్నాయండీ," అంది. "ఒక్కటీ మిగల్లేదు, అన్నీ అమ్ముడుపోయాయి. ఆయన్ని చూడ్డానికి పారిస్ నుంచి రైళ్లు వేసుకుని వచ్చేవాళ్లు జనం."

తర్వాత నిమ్మచెక్క పిండి, ఓ ఆల్చిప్ప మొగుడి పళ్లెంలోకి తోసింది. "తిను నోర్బేర్," అంది. ఆ రాత్రి అతను మళ్లీ గురక పెట్టాడు. జోసియాన్ చాలాసేపు మేలుకుని విన్నది.